జనీన్ చీటీ

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నిశ్శబ్దంగా ఉందంటే భయపడాల్సిందే. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. బంద్ నాడు షట్టర్లన్నీ దిగితే, మిట్టమధ్యాహ్నం కూడా నా చెప్పుల చప్పుడే వెనక ఎవరో వస్తున్నట్టు వినిపించేది. అయినా ఎల్‌బీ నగర్ నుంచి నడిచి మరీ పనికి పోయేదాన్ని (బంద్ అంటే ఇంట్లో పడుకోవాలని మా ఆయన అనేవాడు, పడుకునేది మాత్రం ఆయనే). ఉర్దూ మీడియంలో చదువుకున్న ఒక రిటైర్డ్ సార్ రాస్తున్న నిఘంటువుకు, అక్కడ వాళ్లింట్లోనే కూర్చొని చీటీలు రాయడం నా పని. మన మాటల్లో కలిసిపోయిన అరబ్బీ పదాలకు ఒక్కోదానికి ఒక్కో చీటీ, ఒక్కో ధాతువుకు ఒక్కో సొరుగు. సాయంత్రం సొరుగుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకొని పోవాలి. "పుస్తకం అయ్యేదాక సెలవు అడగొద్దు బిడ్డా" అని సార్ మొదటిరోజే చెప్పాడు. అందుకే నాకు మూడో నెల అన్న సంగతి దాచాను. చదువుతో చేసే పని మళ్లీ దొరకదని నా భయం.

ఆ వారం వచ్చిన ధాతువు జీమ్, నూన్, నూన్ అనే మూడక్షరాలది. "కప్పుడు, దాచిపెట్టుడు, గదే దీని మూలం" అన్నాడు సార్. "కంటికి కనబడనిది జిన్. చెట్లు కమ్ముకున్న తోట జన్నత్. బుద్ధిని ఏదో కప్పేస్తే మజ్నూన్. కడుపుల దాగిన పిండం జనీన్." నాలుగో చీటీ రాస్తూ కొంగు కడుపు మీదికి లాక్కున్నాను.

మర్నాడు నేను తాళం తీయకముందే జనీన్ చీటీ బల్ల మీద ఉంది. తీసి లోపల పెట్టాను. మూడోనాడూ అంతే. వేసిన తాళం వేసినట్టే ఉంది. ఇది జిన్ పనే అనుకున్నాను. ఆ సాయంత్రం జిన్ చీటీని అడుక్కి తోసి, సొరుగులో నిమ్మకాయ పెట్టాను (నవ్వకండి, డిగ్రీ చదివినదాన్నే). నాలుగోనాడు బల్ల మీద చీటీ, దాని పక్కన నిమ్మకాయ. రెండు చెక్కలుగా కోసి, ఉప్పు చల్లి ఉంది.

నా కేకకు సార్ భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఏందే గా లొల్లి? వికారానికి మంచిదని నేనే కోసిపెట్టిన. చాయ్ వాసనకే మొఖం తిప్పుకుంటున్నవ్, నాకెర్క గాదా?"

"మరి తాళం?"

"ఇంకో తాళంచెవి నా తానే ఉంటది. నోటితోటి అడిగితే లేదంటవని చీటీ పెట్టిన."

"మీకు ఈ మాటలు..."

"నలభై ఏండ్లసంది ఆయన పక్కన కూసున్న. సదువు రానిదానిలెక్క కనబడ్డనా?"

నిజంగా అలాగే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "సార్‌కు చెప్పకండమ్మా" అని బతిమాలాను.

"ఆయనకు ఎప్పుడో చెప్పిన. కాన్పు దినాలు దగ్గర పడితే సొరుగులు మీ ఇంటికే పంపుతడట."

అన్నట్టే పంపాడు. నా కూతురు ఆ సొరుగులు పట్టుకొనే లేచి నిలబడింది. నిమ్మకాయ కోసిపెట్టిన ఆ అమ్మ ఇప్పుడు లేదు. మనసులో ఏదైనా దాచుకున్న రోజు, పొద్దున లేవగానే నా చూపు బల్ల మీదికి పోతుంది. జిన్‌కు భయపడి నిమ్మకాయను కాపలా పెట్టిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఒక్క చీటీ ఉన్నా బాగుండేదనిపిస్తుంది.