రోడ్డు మీది మక్కలు, సింధుజ లెక్క

ముడిమ్యాలలో పుట్టిన ఒక మాట చేవెళ్ల బస్టాండు దాకా పాకింది. రోడ్డు మీద మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోసుకునేవాళ్ల పేర్లు కృష్ణమ్మ బిడ్డ సింధుజ రాసి పోలీసులకు ఇస్తోందట. రాసిన మాట నిజమే, పేర్లు మాత్రం కావు. ఆ సంగతి తేల్చుకున్నది అంతమ్మ. ఆమె పంటంతా తారు మీదే ఉంది మరి. తీసెయ్యమంటే పరుచుకోను ఇంకో జాగా లేదు.

సింధుజ తండ్రి నర్సింహులు చేవెళ్ల, మొయినాబాద్ మధ్య ఆటో నడుపుతాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని, "బ్రేకు పడకపోతే? అప్పుడే బర్రె అడ్డమొస్తే?" అని ఆ పిల్ల ప్రాణం తీసేది. "దిగు బిడ్డా, నీ మాటలింటే హ్యాండిల్ వణుకుతది" అనేవాడు. ఆ పిల్లే దొంతన్‌పల్లి కాలేజీలో చదివి ఇప్పుడు హైదరాబాదు కంపెనీలో, డ్రైవరు లేని కార్లకు పెట్టిన రూల్స్ సరిచూస్తోంది. అవే ప్రశ్నలకు ఇప్పుడు జీతమిస్తున్నారు.

ఆదివారం పొద్దున సింధుజ రోడ్డు పక్కన నోటుబుక్కుతో నిలబడి ఉంటే, కాళ్లతో మక్కలు తిరగదోస్తున్న అంతమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏం బిడ్డా, నా పేరు ఎక్కిచ్చినవా?"

"పేర్లెందుకవ్వా! కారుకు ఒక రూలున్నది. ముందట ఏదన్న అడ్డముంటే ఆగాలె, అది జరిగినంకనే కదలాలె."

"మంచిదే గద."

"వెయ్యిసార్లు నడిపి చూసినా ఎన్నడో ఒకసారి తప్పొచ్చు. అందుకే రూలును గణితంల రాసి కంప్యూటర్‌కిస్తం. తప్పయ్యే దారి ఒక్కటన్న ఉన్నదా అని అన్నీ వెతుకుతది. లేదన్నది."

"ఇంకేం ఫికర్ మరి?"

"ఆ లెక్కల మేం ముందే ఒకటి అనుకున్నం. రోడ్డు మీద ఏ అడ్డమైనా జర సేపట్ల జరుగుతదని."

అంతమ్మ తన మక్కలను చూసింది, చుట్టూ కావలి పెట్టిన రాళ్లను చూసింది. నాలుగు రోజులుగా అంగుళం జరగలేదు. నవ్వాగలేదు.

"అయితే మీ కారు నా మక్కలెండేదాంక గీడనే నిలబడ్తదా? ఎనక లారీ వస్తే?"

"అదే రాసుకుంటున్న. రోడ్డు మీద మక్కలెవరు పోస్తరని మా ఆఫీసుల నవ్విన్రు."

అంతమ్మ నవ్వు ఆగింది. "సక్కగ చెప్పు బిడ్డా. నీ లెక్క కుదరాలంటే నా మక్కలు ఎత్తాల్నా?"

సింధుజ బుక్కు మూసింది.

"ఎత్తకవ్వా. తప్పు మా లెక్కల ఉన్నది, మేమే దిద్దుకుంటం. రాళ్లు మాత్రం పొద్దుగూకకముందే తియ్యి, చీకట్ల కనబడవు. ఆ కారు ఇంకా తయారు కాలే. మా బాపు ఆటో రోజూ రాత్రి గీ తొవ్వనే ఇంటికొస్తది."