ముచ్చటగా మూడోసారి రాసిన యాప్

ఆఫీసులో ఆవిడని అందరూ అమ్మమ్మ అంటారు. నలభై ఇంకా నిండలేదు. ఆ యాప్ పుట్టిన రోజు నుంచీ అక్కడే అంటిపెట్టుకుని ఉన్నది ఆవిడొక్కతే కాబట్టి ఆ పేరు పడింది.

డయాలసిస్ రోగుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్ళీ ఇంటికి దింపే వ్యాన్ల కోసం చేసిన యాప్ అది. మొదట్లో రెండు రకాల ఫోన్లకీ విడివిడిగా రాశారు. తర్వాత, ఒక్కసారి రాస్తే రెండింట్లోనూ నడుస్తుందని ఒక ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. యాప్ కట్టుకోవడానికి ఎవరో ముందే సిద్ధం చేసిపెట్టిన సామానన్నమాట. అమ్మమ్మ మొత్తం దాంట్లోకి మార్చింది. కొన్నేళ్ళకి, దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక పట్టించుకోమని చేతులు దులిపేసుకున్నారు.

ఇప్పుడు కొత్త మేనేజరు మీటింగ్ పెట్టాడు. బోర్డు మీద రెండు కొత్త ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లు రాసి, ఒకదాని చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇది పదేళ్ళు ఢోకా లేకుండా నిలుస్తుందండీ," అన్నాడు.

"పోయినసారీ పదేళ్ళే అన్నారు సార్," అంది అమ్మమ్మ.

"దీని వెనక పెద్ద కంపెనీ ఉంది."

"దాని వెనకా ఉండేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం గంటు పెట్టుకున్నాడు. "మరి ఏది నిలుస్తుందో మీరే చెప్పండి."

అక్కడే ఆవిడకి ఒళ్ళు మండింది. ఏది నిలుస్తుందో ఆవిడకీ తెలీదు. పాతదాంట్లో ఉండిపోతే రేపు ఫోన్లు మారగానే యాప్ మొరాయిస్తుంది. కొత్తదాంట్లోకి దూకితే అదెప్పుడు మొహం చాటేస్తుందో చెప్పలేం.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో అక్క కూరగాయలు తరుగుతోంది. ఆ వ్యాన్లలో ఒకదానికి అక్కే డ్రైవరు.

"యాప్ మళ్ళీ మారుస్తున్నారటగా? కొత్త అనుభూతి ఇస్తామని మెసేజ్ పెట్టారు. నా పాత అనుభూతికేమొచ్చిందే?"

"నన్నడక్కు అక్కా."

"నిన్ను కాక ఎవర్నడగను? పోయినసారి మార్చినప్పుడు 'ఎక్కారు' బటన్ ఉన్నచోట 'రాలేదు' వచ్చి కూర్చుంది. ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కిస్తూ అలవాటుకొద్దీ నొక్కేశాను. ఆస్పత్రిలో ఆయన మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. సాయంత్రందాకా బెంచీ మీద కూర్చున్నాడు, పాపం."

"ఆ ఫ్రేమ్‌వర్క్‌లో బటన్లు అలాగే వస్తాయి."

"ఆయనకి అదే చెప్పమంటావా?"

ఆ సంగతి ఇన్నాళ్ళూ తనకి తెలియనందుకు అమ్మమ్మకి ఇంకా చిరాకేసింది.

మర్నాడు నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. "మీ ఇష్టమొచ్చింది ఎంచుకోండి సార్. బటన్లు మాత్రం ఉన్నచోటే ఉండాలి. ఎవర్ని ఎప్పుడు ఎక్కించాలి, ఏ మంచం ఎప్పుడు ఖాళీ అన్న లెక్కంతా ఏ ఫ్రేమ్‌వర్క్‌కీ అంటకుండా విడిగా రాస్తాను. మళ్ళీ మార్చాల్సొస్తే ఫోన్లో కనిపించే తెరలు మాత్రమే మారుస్తాం."

బటన్ల సంగతి సరేనన్నాడు. రెండోదానికి తల అడ్డంగా ఊపాడు. "అంత టైం లేదండీ."

పని సగంలో ఉండగా, ఆయన ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. రాసినదాంట్లో చాలావరకు తీసేసి మళ్ళీ రాయాల్సొచ్చింది. ఈలోగా మేనేజరు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. వీడ్కోలు కేకు కోస్తుంటే ఆవిడ సీట్లోంచి లేవలేదు.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ మొదటివారమే అడిగింది, ఇంతకంటే మంచిది ఇంకోటి వచ్చిందటగా అని.

"వచ్చే ఉంటుంది మేడమ్," అంది అమ్మమ్మ. "ముందు లెక్క విడదీయనివ్వండి. అదయ్యేదాకా నేను ఇంకో ఫ్రేమ్‌వర్క్ జోలికి పోను. కాదంటే వేరేవాళ్ళని చూసుకోండి."

గొంతు పెరిగిందని తనకే తెలిసింది. మేనేజరమ్మ సరేనంది.

పూర్తిగా విడదీయడం కుదర్లేదు. మంచాల లెక్క విడిగా వచ్చింది కానీ, వ్యాన్ల దారుల లెక్క తెరల్లోనే చిక్కుకుపోయింది. అలాగే విడుదల చేశారు. బటన్లు జరగలేదు కాబట్టి డ్రైవర్లెవరూ ఫిర్యాదు చేస్తూ ఫోన్ చెయ్యలేదు. బయటినుంచి చూస్తే ఏమీ మారినట్టే లేదు. మీటింగులో ఎవరో అదే మాట అన్నారు, ఇంతకాలం ఏం చేశారని. అమ్మమ్మ సీటుకెళ్ళి, చిక్కుకుపోయిన దారుల లెక్క తెరిచింది.