వెనక నుంచి ఒక పిలుపు

కనిగిరి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో ఒడిలో ఐస్ బాక్సు పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ వయసున్న ఒకావిడ పక్క సీట్లోంచి, "చేపలా అమ్మాయ్?" అని అడిగింది.

"కాదు పిన్నీ, పందుల గొంతుల్లోంచి తీసిన శాంపిళ్లు. అక్కడ ఒక క్రిమి ఉంటుంది. దాంట్లో చాలా రకాలు. ఏ ఊరి పందుల్లో ఏ రకం తిరుగుతోందో జన్యువులు చూసి తేలుస్తాం."

"వాటికేం జబ్బు?"

"చాలావాటికి ఏమీ కాదు. మాంసం కోసే చేతికి గాయముంటే మనిషికి ఎక్కుతుంది. మెదడు పొరల వాపు, జ్వరం. కొందరికి ముందు చెవులు పోతాయి."

ఆవిడ కిటికీలోంచి మిరప కల్లాలకేసి చూసింది.

"మావీ పందులే. ఏ పందిని కొయ్యాలన్నకాడ మా ఆయనకీ నాకూ మాటా మాటా వచ్చింది. ఆయనే కోశాడు. కొన్నాళ్లకి, అన్నానికి పిలిస్తే పలకలా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకా అలకే అనుకుని నేనూ పిలవటం మానేశా. ఒళ్లు పట్టుకు చూసేసరికి కాలిపోతంది. ఆసుపత్రికి చేరకముందే పోయాడు." నా వైపు తిరిగింది. "అయితే, ఆయనకి వినపళ్లేదంటావా?"

"వినపడి ఉండదు పిన్నీ," అన్నాను. ఆయన శాంపిల్ ఎవరూ తీయలేదు; అదే జబ్బని తేల్చే దారి లేదు.

ఆవిడ దిగాల్సిన అద్దంకి వచ్చిందని కండక్టరు కేకేసినా లేవలేదు. నేనే భుజం తట్టాను.

ఇప్పుడు ఏ పందుల దొడ్డికి వెళ్లినా, ముందు వాటిని పెంచే మనిషిని వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తాను. తిరిగి చూసేదాకా పెట్టె తెరవను.