పసుపు గుడ్డ కట్టిన సూట్‌కేసు

పోయిన వారం ఏం జరిగిందో పద్మ నోట వినేలోపు నా నోట వినండి. పద్మ చెబితే అందులో నేను ఏడుస్తూ ఉంటాను. నేను ఏడవలేదు. చెమట పట్టింది, అంతే.

మాది అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీ. ఇక్కడ మనుషులకి కాళ్లున్నది బ్రేకూ యాక్సిలరేటరూ తొక్కడానికే. మా వీధి పద్మ సంగతే చూడండి. వాళ్ల మెయిల్‌బాక్స్ వీధి మలుపులో ఉంటుంది. ఉత్తరాలు తెచ్చుకోవడానికి గరాజ్ తలుపు తీసి, కారు రివర్స్ చేసి, మలుపు దాకా వెళ్లి, తీసుకుని, మళ్లీ కారుని లోపల పెట్టి, "ఇవాళంతా తిరుగుడే అక్కా" అంటుంది. మా ఆయన ప్రసాద్ ఇంకో రకం. ఆదివారం పొద్దున్నే అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటే ఈయన టైర్లలో గాలి చూస్తారు. కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, చివర్లో బానెట్ మీద చెయ్యేసి కాసేపు కళ్లు మూసుకుంటారు. నేను చూశాను.

నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనడానికి లేదు. పరాయివాళ్ల సంగతులు పట్టించుకునే మనిషిని కాను. వాటంతట అవే నా దగ్గరికి వస్తాయి.

గొడవంతా మా అమ్మాయి నిధితో మొదలైంది. పదిహేనున్నర నిండితే ఇక్కడ కారు నేర్చుకోవడానికి లెర్నర్స్ పర్మిట్ ఇస్తారు. నిండిన రోజు నుంచీ ఇంట్లో అదే పాట. దానికి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. వాళ్ల నాన్ననడిగితే, "మీ అమ్మ సరేనంటే నేనూ సరే" అన్నారు. ఆయన ధైర్యం అక్కడి దాకే. నేను సరేననలేదు.

"పదిహేడొచ్చేదాకా కారు మాటెత్తకు. కారు లేకపోతే ప్రాణం పోతుందా?" అన్నాను.

"అమ్మా, నువ్వు కార్ లేక వన్ డే కూడా ఉండలేవు."

"ఎందుకుండలేను? చిన్నప్పుడు మేం కాలేజీకి..."

"నో, నో. ఇండియా స్టోరీ వద్దు. హియర్. ఇక్కడ ఉండి చూపించు."

ఇదిగో, ఆ మాటతో నాకు పౌరుషం వచ్చి పందెం కట్టాను. స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో తల్లీకూతుళ్లం మూడు రోజులు ఫిలడెల్ఫియా వెళ్లి రావాలి. ఇల్లు దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇంట్లో అడుగు పెట్టేదాకా కారెక్కకూడదు. టాక్సీ కూడా కారే. నేను నెగ్గితే పదిహేడు దాకా పర్మిట్ ఊసు లేదు. కారెక్కానా, ఆ వారమే సంతకం. నిధి నా చేత ప్రామిస్ చేయించుకుంది. దేవుడి గదిలో, దీపం ముందు. పిల్లకి తెలుగు సరిగ్గా రాదు గానీ నన్ను ఎక్కడ కట్టేయాలో బాగా తెలుసు.

ప్లానింగంతా దానిదే. ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏ బస్సు, ఎక్కడ మెట్రో, ఏ రైలు, హోటల్‌కి ఎన్ని వీధులు నడవాలి, అన్నీ తేల్చేసింది. గది సర్దడం చేతకాని పిల్ల ఇంత పని చేస్తుందా అని నాకే ఆశ్చర్యం! పర్మిట్ కోసం తలుచుకుంటే పెళ్లి కూడా ఒంటిచేత్తో చేయించేట్టుంది.

సర్దుడు మాత్రం నాది. ఇండియాకి తీసుకెళ్లే ఎర్ర సూట్‌కేసు దించాను. ఎయిర్‌పోర్టులో గుర్తుపట్టడానికి దాని హ్యాండిల్‌కి పాత చున్నీలోంచి చింపిన పసుపు గుడ్డ కట్టి ఉంటుంది. మనవాళ్లందరి పెట్టెలకీ ఏదో ఒకటి ఉంటుంది కదా. అందులో చిన్న రైస్ కుక్కర్, బియ్యం, మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ, పులిహోర, జంతికలు పెట్టాను. బట్టలు కూడా.

నిధి బ్యాక్‌ప్యాక్ ఒక్కటే భుజానేసుకుని నిలబడి చూసింది. "త్రీ డేస్‌కి?"

"తిండి దగ్గర మాత్రం నాకు నేర్పకు."

"సరే. బట్ ఎవరికీ చెప్పకు. చెప్తే కార్ తీసుకుని వస్తారు."

నేను ఎవరికీ చెప్పలేదు. రమణికి చెప్పాను. రమణికి చెప్పడం చెప్పడం కిందికి రాదు. కాలేజీలో నా రూమ్మేట్, ఇప్పుడు ఫిలడెల్ఫియా పక్కనే ఉంటుంది. వాళ్ల ఊరు వెళ్తూ మాట మాత్రమైనా చెప్పకపోతే రేపు మొహం ఎలా చూపించను? "రావద్దు సుమా, ఊరికే చెబుతున్నా" అని కూడా అన్నాను.

బయల్దేరే రోజు పొద్దున్న మా ఆయన తాళాలు పట్టుకుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడ్డారు. "కనీసం బస్ స్టాప్ దాకా..."

"వద్దు. మీ కారెక్కనని ఒట్టు పెట్టుకున్నాను" అన్నాను.

ఆయన మొహం వేలాడేసుకుని అక్కడే ఉండిపోయారు. నన్ను వదిలి ఉండలేక కాదు. అంతకుముందే టైర్లలో గాలి చూసి పెట్టుకున్నారు, అదీ బాధ.

చెబితే నమ్మరు, ఇన్నేళ్లుగా ఆ వీధిలో ఉంటూ నేను నడిచి చూడడం అదే మొదటిసారి. ఎన్ని సంగతులండీ! కార్లో పోతే ఇళ్లు కనిపిస్తాయి, నడిస్తే కాపురాలు కనిపిస్తాయి. గడ్డి తనే కోసుకుంటానని ప్రతి పార్టీలోనూ చెప్పే వెంకట్ గారి గడ్డిని ఇద్దరు కుర్రాళ్లు కోస్తున్నారు. ఆయన కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగుతున్నారు. డైటింగ్‌లో ఉన్నానన్న సునీత గరాజ్ తలుపు తెరిచి ఉంది. లోపల బియ్యం బస్తాలు కప్పు దాకా. నేను ప్రతి ఇంటి దగ్గరా పెట్టె చక్రం సరిచేసుకునే వంకతో ఆగుతుంటే, నిధి వెనక్కి తిరిగి, "అమ్మా, స్టాప్ లుకింగ్ ఇన్ పీపుల్స్ గరాజెస్!" అంటుంది.

వీధి దాటాక పేవ్‌మెంట్ ఉన్నట్టుండి అయిపోయింది. మనుషులు నడుస్తారని ఎవరూ అనుకున్నట్టు లేదు. పెద్ద రోడ్డు పక్కన గడ్డిలో పెట్టె లాగుతున్నాను. చక్రంలో మట్టి ఇరుక్కుంది. జుట్టు ఊడింది, కాటుక కారింది. అప్పుడు సర్రున వచ్చి ఆగింది పద్మ కారు.

అద్దం దించి, నన్నూ, పిల్లనీ, పెట్టెనీ చూసి నోటి మీద చెయ్యేసుకుంది. "అక్కా! ఏంటిది? బావగారేరీ?"

"ఇంట్లోనే ఉన్నారు."

"ఆయనకి తెలుసా?"

"తెలీకేం? డ్రైవ్‌వేలో నిలబడి చూస్తూ ఉండిపోయారు. దింపుతానన్నారు. మీ కారెక్కనని ఒట్టు పెట్టుకుని వచ్చేశాను."

"ఎంత మాట! మా ఇంటికి రా అక్కా, కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడుకోవడానికేముంది? నేను తేల్చుకున్నాను."

"మరి పిల్ల సంగతో?"

"పిల్ల కోసమే కదా ఇదంతా!"

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"చూద్దాం. ముందు నా పంతం నెగ్గాలి."

పద్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కారులోంచే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెయిల్‌బాక్స్‌కి కారేసుకెళ్లే మనిషి కదా, నడుస్తున్నవాళ్లని చూస్తే ఆ మాత్రం జాలి సహజమేననుకున్నాను.

"షీ వాజ్ క్రయింగ్" అంది నిధి.

"దుమ్ము" అన్నాను.

బస్సు, మెట్రో, ఆ తర్వాత రైలు. ఎక్కాక నా ఫోన్ మోగుతూనే ఉంది. నిధి, "వెకేషన్, అమ్మా" అని లాక్కుని సైలెంట్‌లో పెట్టేసింది. పెట్టనీ అనుకున్నాను, నాకు కిటికీ ఉంది. రైలు ఎప్పుడూ ఇళ్ల వెనకనుంచి పోతుంది, గమనించారా? ముందు వైపు ఎవరైనా బాగానే పెట్టుకుంటారు. మనిషి సంగతి పెరడు చెబుతుంది. విరిగిన ఊయల, ఎప్పుడో ఆరేసి మర్చిపోయిన దుప్పటి, ఒకాయన నీళ్లు లేని స్విమ్మింగ్ పూల్‌లో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు. ఎందుకక్కడ? ఇంట్లో ఎవరితో తగూ పడ్డాడు? రైలు ఆగదే! నిధికి చూపిస్తే నవ్వింది. ఆ తర్వాత తనే మొదలెట్టింది, "అమ్మా, లుక్, ఆ ఆంటీ డాగ్‌కి స్వెటర్!" అని. పులిహోర తింటూ ఇద్దరం మేరీలాండ్ మొత్తాన్నీ వెనకనుంచి చూసేశాం. కారులో అయితే ఆ పిల్ల చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చునేది. పంతం మాట అటుంచి, నాకు నిజంగానే బాగుంది.

ఫిలడెల్ఫియాలో దిగి స్టేషన్ బయటికొస్తే ఎదురుగా రమణి. వెనకాల మినీవ్యాన్, తలుపు తెరుచుకుని.

"మా ఊరొచ్చి హోటల్లో దిగుతావుటే? ఎక్కు! దప్పళం పెట్టాను."

నిధి నా వైపు చూసింది. కనుబొమలు లేచాయి.

"రమణీ, నన్ను చంపు, కారు మాత్రం ఎక్కను" అని ఒట్టు సంగతి చెప్పి నడక మొదలెట్టాను. రమణి వదులుతుందా? ఫ్లాషర్లు వేసుకుని నా పక్కనే, నా నడక వేగానికి వ్యాన్ నడుపుతోంది. వెనక కార్లన్నీ హారన్లు! "వసుంధరా, ఎక్కవే! వీళ్లంతా నన్ను తిడుతున్నారు!" నేను తల తిప్పలేదు. నిధికి గర్వమో ఏమో గానీ, సూట్‌కేసు తను అందుకుంది. ఆ క్షణాన నేను నెగ్గినట్టే.

రమణి నిట్టూర్చింది. "సరే, నడువు. మీ షాంటిలీ సంగతి చెబుదామనుకున్నా. నీకు తెలిసే ఉంటుందిలే."

నా కాళ్లు ఆగాయి.

"ఏ సంగతి?"

"తెలీదూ? నీకా? ఇప్పుడే మా తోడికోడలు మీ పక్కూరు హెర్న్‌డన్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఊరంతా తెలిసిపోయిందిట."

చూడండి, మా ఊళ్లో ఎవరింట్లో పాలు పొంగినా ముందు నాకు తెలియాలి. అలాంటిది, నేను పట్టుమని ఒక పూట లేకపోతే ఇంత సంగతి జరిగి, హెర్న్‌డన్ మీదుగా ఫిలడెల్ఫియా చేరిపోయిందా?

"చెప్పవే!"

"రోడ్డు మీద అరిచి చెప్పే సంగతి కాదమ్మా. కాపురాల విషయం."

ఎక్కినట్టు నాకు గుర్తులేదు. నిజం. తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం గుర్తుంది. వెనక సీట్లోంచి నిధి గొంతు, చాలా మెత్తగా, "అమ్మా, సీట్ బెల్ట్."

నేను అదేమీ పట్టించుకోలేదు. "ఎవరు? ఎవరా మనిషి?"

"పేరు తెలీదుట. ఇవాళ పొద్దున్నే మొగుడితో తగూ పడి, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఇల్లొదిలి నడిచి వెళ్లిపోయిందిట."

"నడిచా! రామ రామ! మొగుడేం చేస్తున్నాడు?"

"బొమ్మలా చూస్తూ నిలబడ్డాట్ట."

"అలాంటి చవటలుంటారే" అన్నాను. "ఎవరై ఉంటారబ్బా? ఆ టౌన్‌హౌసుల్లో ఉండే..."

"ఏమో. 'నీ కారెక్కనని ఒట్టు' అని మొగుడి మొహం మీదే అనేసిందిట."

ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎక్కడా అని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంకా సిగ్గులేకుండా, "పాపం, ఏ దారిన వెళ్లిందిట?" అని కూడా అడిగాను.

"తెలీదు. కాటుక కారిపోయి, గడ్డిలో పడి ఎర్ర సూట్‌కేసు లాగుతోందిట. దాని హ్యాండిల్‌కేమో పసుపు గుడ్డ..."

రమణి అద్దంలోంచి వెనక్కి చూసింది. నేనూ తిరిగి చూశాను. వెనక సీట్లో నిధి, దాని ఒళ్లో ఎర్ర సూట్‌కేసు. పసుపు గుడ్డ చివర పట్టుకుని మెల్లగా ఊపుతోంది.

"అమ్మా," అంది, "ద అదర్ కిడ్ ఎక్కడ?"

ఫోన్ లాక్కుని చూస్తే మిస్డ్ కాల్స్ పుట్ట. వెంటనే మా ఆయనకి చేశాను.

"ఏమిటోనే," అన్నారు తాపీగా. "పొద్దుట్నుంచీ జనం వస్తూనే ఉన్నారు. వెంకట్ గారొచ్చి నా భుజం తట్టి, అన్నీ సర్దుకుంటాయి అన్నారు. సునీత బిర్యానీ తెచ్చింది. పద్మ చేపల పులుసు పెట్టి, ధైర్యంగా ఉండండి బావగారూ అని కళ్లు తుడుచుకుంది."

"ఎందుకు తెచ్చారో అడగలేదూ?"

"వేడిగా ఉంటే ముందు తిన్నాను."

"ఇప్పుడే ఫోన్ చేసి అదంతా అబద్ధమని చెప్పండి!"

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. "చెబుతాలేవే. రేపు పద్మ గోంగూర మటన్ తెస్తానంది. అదయ్యాక చెబుతా."

అయ్యాక కూడా చెప్పలేదు. మేం తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ నిండా ఇతరుల డబ్బాలే.

మాటంటే మాటే, సంతకం పెట్టాను. మొన్న శనివారం నిధి మొదటిసారి మా వీధిలో కారు నడిపింది. పక్క సీట్లో నేను, పెదవుల మీద విష్ణు సహస్రనామం. మలుపులో పద్మ ఎదురైంది, కార్లోనే, ఉత్తరాలతో. స్టీరింగ్ ముందున్న పిల్లనీ, బిగుసుకుపోయిన నన్నూ చూసి చేతులు జోడించింది. సాయంత్రానికి రమణి ఫోన్: "మీ షాంటిలీ ఆవిడ తిరిగొచ్చేసిందిటే! పుట్టింటికి పోయిన తల్లిని కూతురే కారేసుకెళ్లి తీసుకొచ్చిందిట!"

ఆ సూట్‌కేసు నాది కాకపోయుంటే, ఈ కథని నేను వాళ్లందరికంటే బాగా చెప్పి ఉండేదాన్ని.