పుట్టని కేసుకు నంబరు

గత వారం చేవెళ్లలో బస్సు దిగి ఎరువుల దుకాణం ముందు నుంచి నడుస్తుంటే పురుగుమందు ఘాటు ముక్కుకు తగిలింది. వెంటనే కణతలు లాగడం మొదలుపెట్టాయి. వకీలుగా నా మొదటి ఐదేళ్లు ఆ వాసనలోనే గడిచాయి. మా సీనియర్ సలోమమ్మ గారి ఆఫీసు అటువంటి దుకాణం పైగదిలో ఉండేది. మారుదామని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఊళ్ల నుంచి వచ్చే రైతులకు మందుల దుకాణం గుర్తు చెబితే చాలు, నేరుగా మెట్లెక్కి వస్తారని ఆమె వాదన. ఆమె దగ్గర వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు, జూనియర్లలో అయితే అసలే లేరు.

ఆమెతో పనిచేయడం ఒక పరీక్ష. ఒక్కో ఫైలును బిగ్గరగా చదివించేవారు. చదివాక మళ్లీ చదవమనేవారు. ఏం వెతకాలో చెప్పేవారు కాదు. కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి వింటుంటే నిద్రపోయారేమోనని ఒకసారి నేను రెండు పేజీలు దాటేశాను. కళ్లు తెరవకుండానే దాటేసిన చోటికి నన్ను తీసుకొచ్చారు.

యాదయ్య కేసు నా చేతికి వచ్చింది అప్పుడే. ఆలూరు దాటాక ఒక చిన్న పల్లె అతనిది. చిన్న మంగళారం వైపు, నగరంవాళ్ల ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్‌గా ఉండేవాడు. యజమాని భార్య గొలుసు పోయింది. పోలీసులు యాదయ్యను పట్టుకున్నారు. అతనే ఒప్పుకుని ఇంటికి తీసుకెళ్లాడనీ, బియ్యం సంచి కింద గొలుసు దొరికిందనీ రాశారు. కింది కోర్టు ఏడాది జైలు వేసింది. జిల్లా కోర్టులో అప్పీలు వేయమని అడగడానికి, బెయిలు మీద బయటికి వచ్చినవాడు మా దగ్గరికి వచ్చాడు. వెంట భార్య బాలమణి. బడిలో మధ్యాహ్న భోజనం వండేది. దొంగ పెళ్లాం వండితే పిల్లలకు ఎట్ల పెడతామని నలుగురు అనడంతో ఆ పని పోయింది. ఆమె మా ముందు ఏడవలేదు. తీర్పు కాపీని మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆ సంచిని కొంగులో చుట్టి తెచ్చింది.

నిజం చెప్పాలంటే యాదయ్యే తీశాడని నేను అనుకున్నాను. ఏది అడిగినా నేల చూసేవాడు. ఒక వాయిదాకు రానే లేదు. వరికోత ఉన్నదట. వారెంటు రాకుండా ఆపడానికి జడ్జి ముందు నేను ఎన్ని అబద్ధాల అంచున నడిచానో నాకే తెలుసు. ఆ కోపంలో సలోమమ్మ గారిని అడిగేశాను, ఇతను నిజంగా తీసిండా లేదా అని.

ఆమె నా చేతిలోని ఫైలు వైపు చూపించారు. "నువ్వు ఆ ఇంట్ల ఉన్నవా? నేనున్ననా? మనకు తెల్వదు. తెల్వనిదాన్ని తెలిసినట్టు రాసిన కాగితం నీ చేతిలున్నది. దాన్ని అడుగు."

ఆ కాగితం పంచనామా. సోదాలో ఏం దొరికిందో ఇద్దరు సాక్షుల ఎదుట అక్కడికక్కడే రాయాల్సిన కాగితం. ఆ ఇద్దరిలో ఒకడు స్టేషన్ ఎదుట చాయ్ అమ్మేవాడు. ఇంకొకడు తాను యాదయ్య ఇల్లే చూడలేదని, స్టేషన్‌లోనే సంతకం పెట్టానని సాక్ష్యంలో చెప్పాడు. అయినా కింది కోర్టు పట్టించుకోలేదు. నేను ఇవి రెండూ రాసుకుని ఇక చాలనుకున్నాను. చాలదన్నారు. నాలుగోసారి చదివించారు. ఐదోసారి నా గొంతులో విసుగు నాకే వినిపించింది. ఎండాకాలం, ఫ్యాను లేదు, కింద నుంచి మందు వాసన. ఆరోసారి చదువుతూ పంచనామా పైన ఉన్న కేసు నంబరు దగ్గర ఆగిపోయాను.

గొలుసు ఉదయం తొమ్మిది గంటలకు దొరికిందని పంచనామా. ముందు ఫోన్‌లో చెప్పిన యజమాని రాతలో ఫిర్యాదు ఇచ్చింది, కేసు నమోదయ్యింది అదే రోజు పదకొండున్నరకు. నంబరు పుట్టేది అప్పుడు. మరి తొమ్మిదింటికి, పల్లెలో, బియ్యం సంచి పక్కన కూర్చుని రాసిన కాగితం మీద ఆ నంబరు ఎట్లా వచ్చింది? తర్వాత చేర్చిందీ కాదు, మిగతా రాతదీ నంబరుదీ అదే చేతిరాత, అదే సిరా.

నేను తలెత్తేసరికి సలోమమ్మ గారు కళ్లు తెరిచి ఉన్నారు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు. మొదటిసారి చదివించినప్పుడే ఆమెకు తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది. చెప్పి ఉంటే నా గొంతు మిగిలేది కదా అని అడగబోయి ఊరుకున్నాను.

అప్పీలు వాదనకు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఒకసారి కింది కోర్టు రికార్డు రాలేదు. ఒకసారి ప్రభుత్వ న్యాయవాది రాలేదు. ఒకసారి అందరూ వచ్చారు, జడ్జి సెలవు. ప్రతిసారీ మొయినాబాద్ మీదుగా బస్సులో నిలబడి వెళ్లి, నిలబడి రావడం. చివరికి వాదన జరిగిన రోజు సలోమమ్మ గారు పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. పంచనామా, కేసు నమోదు చేసిన కాగితం రెండూ జడ్జి ముందు పక్కపక్కన పెట్టారు. ఆ నంబరు ఎట్లా వచ్చిందని జడ్జి అడిగితే, రాతలో పొరపాటు అయ్యుంటుందని ప్రభుత్వ న్యాయవాది చెప్పారు. అనుమానం మేము పుట్టించలేదని, పోలీసులే రాసుకొచ్చారని మాత్రం సలోమమ్మ గారు అని కూర్చున్నారు.

నెలకు తీర్పు వచ్చింది. శిక్ష రద్దు. నేను ఉబ్బిపోయి వరండాలోకి వచ్చి యాదయ్యకు చెప్పాను, సందేహం ఉన్నందున కోర్టు విడిచిపెట్టిందని. అతను నవ్వలేదు.

"అంటె నేను తియ్యలేదని రాయలేదా మేడం?"

నాకు ఒళ్లు మండింది. ఏడాది తిరిగింది దీనికోసమా అనుకున్నాను. సలోమమ్మ గారు మాత్రం అతని పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "రాయలేదు బిడ్డా. తీసినవని ఎవ్వరు రుజువు చెయ్యలేకపోయిన్రని రాసిన్రు. కోర్టుకు చేతనైంది గంతే," అన్నారు. అనుమానం కింద విడిచిపెట్టారంటే ఊళ్లో ఇంకా దొంగ అనే అంటారని బాలమణి మెల్లగా చెప్పింది. తిరుగు బస్సులో సలోమమ్మ గారు ఆ తీర్పు మొత్తం తెలుగులోకి మార్చమని నాకు పని పెట్టారు.

రెండు రోజులు కూర్చుని మార్చాను. ఆదివారం చర్చి కాగానే నన్ను ఆటో ఎక్కించి యాదయ్య పల్లెకు తీసుకెళ్లారు. బడి వరండాలో పది, పదిహేను మంది చేరారు. హెడ్‌మాస్టరు కూడా వచ్చారు. ఆమె తీర్పును మొదటి నుంచి చివరి దాకా చదివారు. నంబరు సంగతి వచ్చిన చోట ఆగి, రెండు సమయాలనూ మళ్లీ చెప్పారు. ఒక ముసలాయన అడిగాడు, మరి గొలుసు ఎవరు తీసినట్టు అని.

"అది పోలీసోళ్లు కనుక్కోవాలె. వాళ్లు కనుక్కోలే. కనుక్కోనిదాన్ని తెచ్చి ఈయన మెడకు కట్టిన్రు. మీరు బాలమణి మెడకు కూడ కట్టిన్రు."

చప్పట్లు లేవు, క్షమాపణలు లేవు. హెడ్‌మాస్టరు చూద్దామన్నారు. సెలవులయ్యి బడి తెరిచాక చాలా రోజులకు గానీ బాలమణిని మళ్లీ వంటకు పిలవలేదు. యాదయ్య మళ్లీ ఏ ఫామ్‌హౌస్ గేటు దగ్గరా కూర్చోలేదు, ట్రాక్టరు మీద కూలికి పోతున్నాడు.

సలోమమ్మ గారు పోయి నాలుగేళ్లవుతుంది. యాదయ్య ఆ గొలుసు తీశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకూ తెలియదు. తెలియదని ఒప్పుకుంటూనే ఒక మనిషి పక్కన గట్టిగా నిలబడవచ్చని నాకు చూపించింది ఆమే. నేను గెలిచిన ప్రతి అప్పీలులో తీర్పును తెలుగులోకి మార్చి, ఆ మనిషి ఊరికి వెళ్లి చదివి వస్తాను. సగం రోజు పోతుంది, ఎండలో తిరగాలి, విసుగు వస్తుంది. చదివాక ఎవరో ఒకరు, మరి చేసింది ఎవరని అడుగుతారు. మాకు తెలియదని చెప్పి, అక్కడే ఇంకాసేపు కూర్చుంటాను.