మా అత్త కోక చెంగు

2024, వేసవి చివర. నెల్లిమర్ల దగ్గర మా పంచాయతీ చెత్త షెడ్డులో పని నాది. ఇంటింటి చెత్త తెచ్చి విడగొడతాం. సీసాలు, అట్టలు పాతసామాన్లవాడు కొంటాడు. చిప్స్, షాంపూ ప్యాకెట్ల తళతళలాడే కవర్లు ఎవడూ కొనడు. వాటిని ‘మల్టీలేయర్’ అంటారు. పొర మీద పొర అతికి ఉంటాయి, విడదీయలేం.

ఆ కవర్లకే ‘ఈపీఆర్’ అని పద్ధతి వచ్చింది. కవర్లో సరుకు పెట్టి అమ్మిన కంపెనీ, ఆ కవరు ఎత్తించే ఖర్చులో వాటా భరించాలి. కంపెనీ తరఫున ఏజెన్సీ లారీ వచ్చి, మేం మూటలు కట్టిన కవర్లని సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో కాల్చడానికి తీసుకెళ్తుంది. ఎత్తినట్టు చీటీ మీద షెడ్డు మనిషి సంతకం కావాలి. ఆ మనిషిని నేను. మూడో తరగతితో చదువు ఆగింది గానీ పేరు రాయడం వచ్చు. మొదటి లోడుకి ఎక్కడ చూపిస్తే అక్కడ రాసేశాను.

నెల తిరక్కుండా చెల్లెలి ఊరు వెళ్లాను. అక్కడ గెడ్డలో, అదే వాగులో, నీళ్లు లేవు, మూటలున్నాయి. ఒకదానికి పచ్చంచు గుడ్డ కట్టి ఉంది. చనిపోయిన మా అత్త కోక చెంగు అది. చింపి, మొదటి లోడు మూటకి రెండు ముళ్లు వేసింది నేనే. ఆ గుడ్డ విప్పి రొంటిన దోపుకున్నాను.

రెండో లోడుకి లారీ వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. షెడ్డు నిండి బయట కవర్లు గుట్టయ్యాయి. వాన పడితే అవన్నీ మా ఊరి గెడ్డ దాటి వరిమళ్లలోకే. ఏజెన్సీ సూపర్‌వైజరు చీటీ చాపాడు.

“ఎట్టెయ్యప్పా సంతకం. మబ్బు సూడు.” అప్పా అంటే మా వైపు అక్క.

నేను గుడ్డ తీసి చూపించాను. “ఇదేటో సెప్పు ముందు. మీ లారీలో ఎక్కించిన మూటది. మా సెల్లి ఊరు గెడ్డలో దొరికినాది.”

అతని మొహం మాడింది. “సెత్త మీ ఊర్లో లేదు గదప్పా!”

“మా సెల్లిది ఊరు కాదేటి బాబూ?”

నాతో పనిచేసే సూరమ్మ కసిరింది. “ఎట్టేయొసే! కలెక్టరమ్మ మరి, ఇంత బెట్టు!”

“అక్కడివి ఎత్తి ఫ్యాక్టరీకి సేర్చు. ఆ రసీదు తే. అప్పుడే సంతకం ఎడతాను.”

సంతకం కావాలి గనక అతను ఒప్పుకున్నాడు. ఉన్నది ఒక్క లారీ. నేనూ ఎక్కి వెళ్లాను. అక్కడి మూటలతోనే అది నిండిపోయింది. మా గుట్ట అలాగే ఉండిపోయింది.

మూడో రోజు వాన. సగం కవర్లు మళ్లలో పడ్డాయి. రైతులు నానా మాటలన్నారు. మోకాలిలోతు బురదలో దిగి ఏరాను. ఏరినన్ని ఏరాను, అన్నీ దొరకలేదు.

దసరా వెళ్లాక సూపర్‌వైజరు ఫ్యాక్టరీ రసీదు తెచ్చాడు. ప్రతి అక్షరం చదివించుకుని, మిగిలిన మూటలు ఎక్కించాకే పేరు రాశాను.

చెత్త మన కళ్ల ముందు నుంచి పోతే పోయినట్టు కాదు. ఎక్కడ తేలిందో తెలియకుండా సంతకం పెడితే, కంపెనీ బాధ్యత కాగితం మీద తీరిపోతుంది, కవరు మాత్రం ఎవరి మడిలోనో మిగులుతుంది.

అత్త కోక అయిపోయింది. ఎక్కడ తేలినా ఆనవాలుండేలా, ఇప్పుడు మూటలకి నా కోకే చింపి కడుతున్నాను.