ఆగింది గొర్రెల బరువుకు కాదు

నైజాం పాలన పోయిన మరుసటి ఏడాది కృష్ణలో మా లాంచీ ఆగిపోయింది గొర్రెల బరువుకు కాదు. ఆ సంగతి ప్రయాణికులందరి ముందు నేను చెప్పలేదు.

అప్పుడు నేను మిర్యాలగూడ వైపు రేవులో లాంచీ ఇంజను చూసుకునేవాణ్ణి. ఇంజనును చల్లబరిచే నీటి పంపులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. దాని రెక్కలు అరిగిపోయాయని నాకు తెలుసు. కొత్తది పెట్టెలోనే ఉంది. దసరానాడు పూజచేసి బిగిద్దామని దాచాను.

నడి ఏట్లో ఇంజను వేడెక్కి ఆగింది. గడలు వేసి ఇసుక దిబ్బకు చేర్చాం.

"ఇన్ని గొర్రెల్ని ఎక్కిస్తే ఆగదా మరి? దించెయ్యవయ్యా," అన్నాడు కోదాడ వర్తకుడొకాయన, త్రిపురారం నుంచి వచ్చిన ముసలి గొల్లతో.

"నీళ్లు పెరుగుతున్నయి సావుకారీ. దిబ్బ మునుగుతది."

"నీకు ఈత రాదా ఏంటి?"

"నాకొస్తది. వీటికెవరు నేర్పిన్రు?" అంటూ ముసలాయన నావైపు చూశాడు. నేను పానా వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. గొర్రెలతోపాటు ఆయనా దిగిపోయాడు.

కొత్త చక్రం బిగించి ఇంజను నడిపాక చల్లబరిచే నీళ్లు గొట్టంలోంచి ధారగా బయటికి పడ్డాయి. గొర్రెల్నీ ముసలాయన్నీ దిబ్బ మీదే వదిలి లాంచీ కదిలింది.

"చూశారా, బరువు తగ్గగానే కదిలింది," అన్నాడు వర్తకుడు.

అందరినీ గట్టున దించి లాంచీ వెనక్కి తిప్పాను. దిబ్బ మీద మోకాళ్ల లోతు నీళ్లు. గొర్రెపిల్లను భుజాన వేసుకుని ఆయన నిలబడి ఉన్నాడు, చుట్టూ మంద అంతా ఉంది.

"వస్తవో రావో అనుకున్న బిడ్డా," అన్నాడు.

గొర్రెలన్నీ ఎక్కాక చెప్పాను. "తప్పు నీ గొర్రెలది కాదు పెద్దయ్యా, నాది. అరిగిన చక్రంతోని నడిపిన. అందరి ముందట నోరిప్పకపోతి. మాఫ్ చెయ్యి."